ఒళ్లు చూడకుండానే మందు రాశారు

మనిషిని తొందరపెట్టని క్యాన్సర్ ఒకటుంది. ఒంటిమీద మచ్చగా మొదలై ఏళ్ల తరబడి మచ్చగానే ఉండిపోతుంది. నొప్పి పెట్టదు, రక్తం కారదు, పని మానిపించదు. కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో దాక్కున్న జబ్బయితే కనిపెట్టలేకపోయామని ఎవరైనా చెప్పుకోవచ్చు. ఇది చర్మం మీదే, చెయ్యి వేస్తే తగిలేచోటే ఉంటుంది. ఈ జబ్బుతోనే మా మేనమామ పోయాడు. దానికి పేరు పెట్టేసరికి ఆయన ఒంటిమీద గడ్డలు లేచి, పగిలి, పుళ్లు పడ్డాయి. అన్నేళ్లలో ఆయన్ని చూసిన వైద్యులు, మందులు అమ్మినవాళ్లు, చీటీ రాసి ఇంకోచోటికి పంపినవాళ్లు ఎంతోమంది. "చొక్కా విప్పండి, ఒళ్లంతా ఒకసారి చూస్తాను" అన్నవాళ్లు లేరు.

జబ్బు పేరు మైకోసిస్ ఫంగాయిడిస్. చర్మంలో పుట్టే లింఫోమాల్లో, అంటే తెల్లరక్తకణాల క్యాన్సర్లలో, ఎక్కువగా కనిపించేది ఇదే. అరుదైనదే, కాదనను. అమెరికా లెక్కల ప్రకారం చర్మపు టీ-కణ లింఫోమాలన్నీ కలిపినా ఏటా పది లక్షల మందిలో ఆరేడుగురికి వస్తాయి. ఆ "అరుదు" అన్న మాటే మాకు ప్రతి గుమ్మం దగ్గరా జవాబైంది. అరుదైన జబ్బు గనక ఎవరికీ తట్టలేదట. అరుదైన జబ్బు గనక ఎవరి తప్పూ లేదట. వినీ వినీ కడుపు మండి ఇది రాస్తున్నాను. ఏ ఆసుపత్రి పేరూ రాయను. ఒక్కదాని పేరు రాస్తే మిగతావన్నీ చేతులు కడుక్కుంటాయి.

మా ఊరు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు కట్టినప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు ఊళ్ల వాళ్లు పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మథురాకాటి, నీంపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, ఏ వైపు నడిచినా తెలుగు వినిపిస్తుంది. మా తాత రైల్వేలో చేశాడు. మావయ్యకు ఆ ఉద్యోగం దక్కలేదు. ఇడ్లీ బండి పెట్టుకున్నాడు. తెల్లారగట్ల లేచి పిండి రుబ్బించి, సెగ ముందు నిలబడి, ఆ బండి మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివించాడు.

మచ్చలు మొదట నడుము కింద, తొడల లోపలివైపు వచ్చాయి. తెల్లగా, పొడిగా, కొంచెం పొట్టు రేగుతూ, అప్పుడప్పుడు దురద. పొయ్యి సెగ అన్నారు, చెమట అన్నారు. అందరిలాగే మందుల షాపుకి వెళ్లాడు. కౌంటర్ వెనకున్న కుర్రాడు లేచి చూడనైనా లేదు. "దాద్ హై, ఏ లగావో" అని ఒక ట్యూబు బల్ల మీద పెట్టాడు. తామర అని వాడి తీర్మానం. ఆ ట్యూబుతో మొదలైంది మా దుర్గతి.

ఆ ట్యూబుల్లో ఏముంటుందో ప్రతి ఇంట్లోనూ తెలియాలి. క్లోబెటసాల్ లాంటి ఘాటైన స్టెరాయిడ్, దానితో కలిపి తామరకు ఒక మందు, సూక్ష్మజీవులకు ఇంకొకటి. ఏ మచ్చ మీద రాసినా స్టెరాయిడ్ రెండు రోజుల్లో దురద అణుస్తుంది, ఎరుపు తగ్గిస్తుంది. జబ్బు తగ్గిందనుకుంటాం. తగ్గింది దాని ఆనవాలు మాత్రమే. తామర అయితే అది మొండికేసి ఒళ్లంతా పాకుతుంది. లింఫోమా అయితే మచ్చ రూపు మారి, రేపు వైద్యుడు చూసినా, ముక్క తీసి పరీక్షించినా పోల్చుకోలేనంతగా మసకబారుతుంది. ఈ దుర్వినియోగం మీద చర్మవైద్యుల సంఘం ఏళ్లుగా మొత్తుకుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. చట్టం కాగితం మీద భద్రంగా ఉంది. ట్యూబు మాత్రం ఇవాళ్టికీ సబ్బు కొన్నంత సులువుగా దొరుకుతోంది. తనిఖీ చేయాల్సినవాళ్లు ఏం చేస్తున్నారు? ఎవరి కోసం కళ్లు మూసుకున్నారు?

ఈ జబ్బు నిన్న మొన్న పుట్టింది కాదు. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో అలిబేర్ అనే వైద్యుడు 1806లోనే దీన్ని వర్ణించాడు. ముదిరిన రోగి ఒంటిమీది గడ్డలు పుట్టగొడుగుల్లా కనిపించి ఆ పేరు పెట్టాడు గాని బూజుతో, తామరతో దీనికే సంబంధమూ లేదు. 1870లో బాజాఁ అనే ఇంకో ఫ్రెంచి వైద్యుడు దీని నడక చెప్పాడు. ముందు పలచని మచ్చ, తరవాత దళసరి పొర, చివరికి గడ్డ. ఒంటిని కాపాడే తెల్లరక్తకణాల్లో టీ-లింఫోసైట్లు ఒక రకం. చర్మంలో తిరుగాడే ఆ కణాల్లో ఒకటి చెడి, తనలాంటివాటినే పుట్టించుకుంటూ పోతుంది. ఆ సంతానం చర్మం పైపొరలోకి ఎక్కి గుంపులు కడుతుంది. చాలామందిలో ఇది మచ్చ దశలోనే ఏళ్లూ పూళ్లూ ఉంటుంది. కొందరిలో ముదిరి గడ్డలవుతుంది, లింఫు గ్రంథులకీ రక్తానికీ లోపలి అవయవాలకీ పాకుతుంది.

ఎక్కడ వస్తుందో కూడా వైద్యగ్రంథాల్లో స్పష్టంగా ఉంది. ఎండ తగలని చోట్ల వస్తుంది. పిర్రలు, తొడలు, నడుము, పొట్ట కింది భాగం, ఆడవాళ్లకు రొమ్ములు. తెల్లవాళ్ల ఒంటిమీద ఎర్రగా కనిపిస్తుంది. మనలాంటి నల్లని, చామనచాయ చర్మం మీద తరచుగా తెల్లమచ్చగా, ఒక్కోసారి నల్లమచ్చగా కనిపిస్తుంది. తెల్లమచ్చల రూపంలో ఇది పిల్లలకూ పడుచువాళ్లకూ కూడా వస్తుంది. ఎర్రమచ్చల బొమ్మలు చూసి చదువుకుని వచ్చిన కంటికి మన ఒంటిమీది తెల్లమచ్చ బొల్లిలా, శోభిలా, తామరలా, కుష్టులా కనిపిస్తుంది. క్యాన్సర్ అన్న ఊహే రాదు. ఈ దేశంలో పుట్టి, ఈ దేశపు చర్మాన్నే రోజూ చూస్తున్న వైద్యులకు ఆ ఊహ ఎందుకు రాకూడదని నేనడుగుతున్నాను.

ఎండ తగలని చోట్ల వచ్చే జబ్బుని బట్టలు తీయించకుండా ఎలా పట్టుకుంటారు? ఓపీలో మావయ్య ప్యాంటు కొంచెం కిందికి జరిపి నడుము మీది ఒక్క మచ్చ చూపించేవాడు. ఆ ఒక్కటే చూసి చీటీ రాసేవారు. వెనక పిర్రల మీద అరచేతులంత మచ్చలున్నాయని ఆయన చెప్పబోతే, తరవాతి నంబరు పిలిచేవారు. నిలబడి చూపించుకోవడానికి ఒక మూల లేదు, ఒక తెర లేదు. పక్కనే ఇంకో నలుగురు రోగులు. ఇక ఆడవాళ్ల సంగతి ఆలోచించండి. రొమ్ము కింద, తొడ మీద మచ్చ ఉన్న మనిషి, తెలుగు తప్ప ఇంకో భాష రాని పెద్దావిడ, బల్లకి అటువైపు తెలియని మగ వైద్యుడు, గదినిండా జనం. ఆవిడ ఏం చూపిస్తుంది? ఏం చెబుతుంది? "చుల్‌కానీ?" (దురదా?) అని అడిగితే తలూపి, రాసిచ్చిన ట్యూబు కొంగులో కట్టుకుని ఇంటికి వస్తుంది. ఒక తెర, తోడుగా ఒక ఆయమ్మ. ఇంతకు మించి ఖర్చు లేదు. ఈపాటి ఏర్పాటు చెయ్యనివాళ్లు కోట్లు పోసి స్కానింగు యంత్రాలు కొన్నామని గోడల మీద రాసుకుంటే ఆ రాతలు చూసి నాకు ఒళ్లు మండుతుంది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ రోజు మా వీధుల్లో ఎంత సంతోషపడ్డామో. కాని హోదా వచ్చిన భాషలో తన ఒంటి బాధ చెప్పుకునే వీలు మా పెద్దవాళ్లకు రాలేదు. మచ్చ ఎప్పుడు మొదలైంది, ఎండాకాలంలో తగ్గి మళ్లీ వచ్చిందా, మొద్దుబారిందా దురదగా ఉందా, ఇలాంటి నాలుగైదు ప్రశ్నల మీదే ఈ జబ్బుని అనుమానించడం ఆధారపడి ఉంటుంది. ఆ ప్రశ్నలు మా అమ్మమ్మల్ని వాళ్ల భాషలో ఎవరు అడుగుతారు?

అన్నిటికంటే ఘోరం ఇప్పుడు చెబుతాను. రెండు మూడు ట్యూబుల కాలం గడిచాక ఒకచోట మావయ్య మచ్చల్ని దూరం నుంచి చూసి, చీటీ మీద కుష్టు అని రాసేశారు. అనుమానించడం తప్పని నేననను. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కుష్టు కేసుల్లో సగానికి పైగా మన దేశానివే. తెల్లమచ్చ కనిపిస్తే ఆ అనుమానం రావాలి కూడా. కాని కుష్టుని తేల్చడానికి పద్ధతి ఉంది. మచ్చ మీద దూదిపోగుతో తాకి స్పర్శ తెలుస్తోందా అని చూడాలి. నరాలు తడిమి ఉబ్బాయా అని చూడాలి. అవసరమైతే చర్మం గీరి సూక్ష్మజీవుల కోసం వెతకాలి. మావయ్యకు మచ్చల మీద చీమ పాకినా తెలిసేది. దురద పుట్టేది. దూదిపోగు తెచ్చినవాళ్లు లేరు. చేతిలో బిళ్లల అట్టలు పెట్టి ఏడాది పాటు మింగమన్నారు. ఆయన క్రమశిక్షణ గల మనిషి, ఒక్క పూట మానలేదు. అందులో ఉండే క్లోఫాజిమిన్ ఒళ్లంతా నల్లబరిచింది. మచ్చలు అలాగే ఉన్నాయి. ఏడాది మందు పూర్తయింది గనక "రోగం నయమైంది" అని రాసి పంపేశారు. నయమైతే మచ్చలెందుకున్నాయని రాసినవాళ్లు తమను తాము అడిగి చూసుకోలేదు.

ఆ ఏడాదిలో మా ఇంట్లో ఏం జరిగిందో చీటీ రాసినవాళ్లకు తెలుసా? వీధిలో మాట పాకింది. ఇడ్లీ బండి దగ్గరికి రావడం మానేశారు. కుష్టు తిండి వల్ల అంటుకోదు, మందు మొదలుపెట్టిన మనిషి వల్ల ఎవరికీ ముప్పు ఉండదు. ఆ సంగతి ఎంతమందికి చెప్పగలం? ముప్పై ఏళ్లుగా ఆయన చేతి ఇడ్లీ తిన్నవాళ్లు ఎదురుగా వస్తే రోడ్డు దాటి వెళ్లిపోయారు. పెద్దకూతురికి కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. కుష్టు కారణంగా విడాకులు కోరే వీలును పార్లమెంటు 2019లో చట్టాల నుంచి తీసేసింది. మనుషుల మనసుల్లోంచి తీసేయడానికి చట్టం చాల్లేదు. ఒకరోజు రాత్రి మావయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నాకు పెద్దరోగవేట్రా, నిజం సెప్పు. నిజవైతే ఇల్లొదిలి పోతాను, పిల్లల పెళ్లిళ్లు అవుతాయి" అన్నాడు. లేని రోగానికి మనిషిని ఇల్లు విడిచిపోయేదాకా నెట్టారు. ఉన్న రోగాన్ని చర్మం మీద హాయిగా పెరగనిచ్చారు. దీన్ని పొరపాటు అనడానికి నాకు నోరు రాదు. ఇది మనిషిని మనిషిగా చూడకపోవడం.

కుష్టు వచ్చినవాళ్లకూ ఈ మాట చెప్పాలి. ఆ రోగం సిగ్గుపడాల్సింది కాదు, మందుకి లొంగుతుంది, మందు ఉచితం. నా కోపం ఆ పేరు మీద కాదు. పరీక్షించకుండా ఆ పేరుని ఒక మనిషి నుదుటిన రాసి, నయం కాకపోయినా తిరిగి చూడని తీరు మీద.

తరవాత, ఎంతో బతిమాలితే, ఇంకోచోట బయాప్సీ చేశారు. మచ్చ మీద స్టెరాయిడ్ రాస్తున్నారా అని అడగలేదు. రాస్తుండగానే ముక్క తీశారు. "ప్రత్యేకించి చెప్పదగ్గ జబ్బు లేదు, మామూలు చర్మపు వాపు" అని రిపోర్టు వచ్చింది. అంతటితో ఫైలు మూసేశారు. మొదటి దశలో ఈ లింఫోమా సూక్ష్మదర్శిని కింద మామూలు ఎగ్జిమాలానే కనిపిస్తుందని, ఒక్క బయాప్సీతో తేలకపోవడం దీనికి పరిపాటి అని చర్మవైద్యం చదివినవాళ్లందరికీ తెలుసు. పూతమందు రెండు నుంచి నాలుగు వారాలు ఆపాలి. ఆపాక, ఒకటికి రెండు మచ్చల నుంచి ముక్కలు తీయాలి. తేలకపోతే కొన్ని నెలల తరవాత మళ్లీ తీయాలి. పైపొరలోకి లింఫోసైట్లు ఎక్కుతున్నాయా అని చూడాలి. సీడీ3, సీడీ4, సీడీ8, సీడీ7 లాంటి గుర్తుల కోసం రంగులు వేసి, ఏ కణాలు పేరుకున్నాయో, వాటిలో ఉండాల్సిన గుర్తు ఏది పోయిందో లెక్క చూడాలి. అవసరమైతే ఆ కణాలన్నీ ఒకే తల్లికణం సంతానమా కాదా అని జన్యుపరీక్ష చేయాలి. వీటిలో ఏదీ విడిగా తేల్చదు. ఒళ్లు చూసిన వైద్యుడూ ముక్క చూసిన పాథాలజిస్టూ కలిసి మాట్లాడుకుంటేనే తేలుతుంది. 2005లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ నాలుగు రకాల ఆధారాలకూ పాయింట్లు వేసి తేల్చే పద్ధతి కూడా ప్రచురించింది. మా విషయంలో ఒళ్లు చూసినవారికీ ముక్క చూసినవారికీ మధ్య నడిచింది ఒక్క కాగితం. ఆ కాగితం మీద రోగి వయసు, "మచ్చలు" అన్న ఒక్క మాట. అంతే. ఇంత తక్కువ చెప్పి సరైన జవాబు రాలేదంటే తప్పు ఎవరిది?

పోనీ బయటి దేశాల్లో మాత్రం వెంటనే పట్టుకుంటారా అంటారు. లేదు. ప్రపంచంలో పేరున్న నిపుణుల కేంద్రాలు కలిసి నడిపిన ప్రోక్లిపీ అధ్యయనంలో లక్షణాలు మొదలైనప్పటి నుంచి నిర్ధారణ దాకా పట్టిన మధ్యస్థ కాలం 36 నెలలు. అంటే సగం మందికి మూడేళ్లు దాటింది. ఆ అంకెను మా ముందు పెట్టి సరిపుచ్చుకోమంటే నేను సరిపుచ్చుకోను. వాళ్లు దాన్ని లెక్కగట్టి, ఆలస్యమని పేరు పెట్టి, తగ్గించడానికి ఏం చేయాలని వెతుకుతున్నారు. మన దగ్గర మావయ్య లాంటివాళ్లు పోగొట్టుకున్న ఏళ్లని ఏ రిజిస్టరులోనూ రాసినవాళ్లు లేరు. లెక్కలోకి రాని ఆలస్యానికి ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు.

ఆ ఏళ్ల విలువ ఎంతో తెలుసా? 1,502 మంది రోగుల్ని పరిశీలించి 2010లో లండన్ నిపుణులు ప్రచురించిన లెక్క ఉంది. ఒంటిమీద పది శాతం కంటే తక్కువ భాగంలో మచ్చలున్న తొలిదశ రోగుల్లో ఐదేళ్ల తరవాత కూడా నూటికి 94 మంది బతికి ఉన్నారు. గడ్డలు లేచిన దశలో ఆ అంకె 47. తొలిదశలో చాలామంది మిగతా అందరిలాగే పూర్తి ఆయుష్షు బతుకుతారు. మొదటి మచ్చ వచ్చిన రోజున మావయ్య 94 మంది వైపు నిలబడి ఉన్నాడు. చూసినవాళ్లందరూ చూడక, ఆయన్ని మెల్లగా ఇటువైపు నడిపించుకొచ్చారు.

చివరికి ఏం చేశాం? ఈ ప్రాంతం వాళ్లు దిక్కుతోచనప్పుడు చేసేదే చేశాం. కోరమాండల్ ఎక్కి దక్షిణాదికి పోయాం. ఆ రైల్లో ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని ఎంతమంది బెంగాలీలు, ఒడియాలు, మా తెలుగువాళ్లు వెళ్తుంటారో ఒకసారి ఎక్కి చూడండి. అక్కడ ఒక డాక్టరమ్మ మొదటి రోజే తలుపు వేయించి, తల వెంట్రుకల నుంచి అరికాళ్ల దాకా చూసింది. బొమ్మ గీసి ఏ మచ్చ ఎంత ఉందో రాసుకుంది. మూడు చోట్ల ముక్కలు తీయించింది. పాథాలజిస్టుతో తనే మాట్లాడింది. ఇందులో మహిమ లేదు, మంత్రం లేదు. చదువుకున్న పని చేసింది. ఆ పని ఖరగ్‌పూర్‌లో, మేదినీపూర్‌లో, కోల్‌కతాలో మేము ఎక్కిన గుమ్మాల్లో ఎక్కడైనా జరిగి ఉండొచ్చు.

కాని అప్పటికే ఆలస్యమైంది. గడ్డలు పుళ్లు పడ్డాయి. ముదిరిన దశలో చాలామందిని చంపేది లింఫోమా కంటే ముందు ఆ పుళ్లలోంచి రక్తంలోకి దిగే సూక్ష్మజీవులు. మావయ్య అలాగే పోయాడు.

తొలిదశ వైద్యానికి ఆస్తులమ్మాల్సిన పని లేదు. వైద్యుడి పర్యవేక్షణలో వాడితే ఆ స్టెరాయిడ్ పూతే ఇక్కడ మందు. న్యారోబ్యాండ్ యూవీబీ అనే కాంతివైద్యం ఇంకొకటి. బొల్లికీ సోరియాసిస్‌కీ వాడే ఆ యంత్రమే దీనికీ పనికొస్తుంది. సోరాలిన్ మందు ఇచ్చి ఇంకో రకం అతినీల కాంతి పట్టే వైద్యం 1976 నుంచీ ఈ జబ్బుకి వాడుకలో ఉంది. మెథోట్రెక్సేట్ బిళ్లలు చవకే. ఖరీదైనవి తరవాతి దశ మందులు. ఒళ్లంతటికీ ఎలక్ట్రాన్ కిరణాలు పట్టే చికిత్స దేశంలో కొద్ది చోట్లే ఉంది. కొత్త ఇంజెక్షన్ల ధర సామాన్యుడు వినలేడు. చవకగా తేలే జబ్బుని నిర్లక్ష్యంతో ముదరబెట్టి, ముదిరాక ఖరీదు ఎక్కువని చేతులెత్తేస్తున్నాం.

డబ్బు ఊసు వచ్చింది గనక ప్రభుత్వాల సంగతీ చెప్పాలి. ఆరోగ్య పథకాల కార్డులు ఎక్కువగా ఆసుపత్రిలో చేరినవాళ్లకే పనికొస్తాయి. ఈ జబ్బు తేలాల్సింది ఓపీలో. బయాప్సీకి, రంగుల పరీక్షకి, జన్యుపరీక్షకి రోగి జేబులోంచే పెట్టుకోవాలి. ముదిరి మంచం ఎక్కితే కార్డు చెల్లుతుంది. ముదరకుండా చేసే పరీక్షకి చెల్లదు. ఇదెక్కడి న్యాయం? ఆంధ్రలో ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంది కదా అంటారు. అక్కడి రేషన్‌కార్డు లేని మాలాంటివాళ్లకు అది లేనట్టే. 2021లో కేంద్రం అరుదైన వ్యాధుల విధానం తెచ్చింది. ఆ జాబితాలో ఎక్కువగా జన్యువ్యాధులున్నాయి, ఈ లింఫోమా లేదు. ఓపీలో "అరుదు" అని తోసేస్తారు. సాయం అడిగితే అరుదైన వ్యాధుల్లో ఇది లేదంటారు. మా రోగి ఎక్కడికి పోవాలి?

మావాళ్లనీ వదలను. మాతపూజలకి వీధివీధినా పందిళ్లు వేస్తాం. సంఘాలున్నాయి, వాటిలో పదవులకు పోటీలున్నాయి. ఒక్క ఆదివారం ఒక్క చర్మవైద్యుణ్ణి పిలిచి, ఆడవాళ్లకి వేరే, మగవాళ్లకి వేరే గది ఇచ్చి, మన పెద్దవాళ్ల ఒళ్లు చూపించాలని ఏ సంఘం తలపెట్టింది? మచ్చ ఉందని తెలిస్తే వెలివేయడానికి ముందుంటాం, వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వెనకుంటాం. మావయ్య బండి మూతపడ్డ రోజున ఆ వీధి పెద్దల్లో ఒక్కరు వచ్చి ఒక ఇడ్లీ తిని ఉంటే ఆ ఇంటికి ఎంత ధైర్యం వచ్చేదో వాళ్లకు తెలియదు.

మేము అడుగుతున్నవి చిన్నవి. చర్మరోగాల ఓపీ ఉన్న ప్రతి ఆసుపత్రిలో తెర, తోడు మనిషి ఉండాలి. మందు వాడినా ఆరు నెలలకు పైగా పోని మచ్చ, లేదా పోయి మళ్లీ మళ్లీ వచ్చే మచ్చ ఉన్న ప్రతి రోగినీ బట్టలు తీయించి చూడాలి, పూత ఆపించి బయాప్సీ చేయాలి. కుష్టు మందు పూర్తయినా మచ్చ మిగిలితే "నయమైంది" అని రాసే ముందు చర్మవైద్యుడికి పంపడం తప్పనిసరి చేయాలి. బయాప్సీ కాగితం మీద మచ్చలు ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఏ మందు రాస్తూ, అన్నవి లేకపోతే ల్యాబు వాళ్లు దాన్ని వెనక్కి పంపాలి. నిర్ధారణ పరీక్షల్ని ఆరోగ్య పథకాల్లో చేర్చాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్ ట్యూబు అమ్మిన షాపు లైసెన్సు మీద చర్య తీసుకోవాలి. ఖరగ్‌పూర్ ఆసుపత్రుల్లో తెలుగు వచ్చిన మనిషి ఒకరైనా సహాయానికి ఉండాలి. వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు.

చదువుతున్న మీకు ఒక మాట. ఒంటిమీద ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు. నూటికి తొంభైతొమ్మిదికి పైగా మామూలువే, భయపడకండి. కాని మీ ఇంట్లో పెద్దవాళ్లకి, పిల్లలకి, బట్టల చాటున ఏళ్లుగా మానని మచ్చ ఉందేమో పట్టపగలు, మంచి వెలుతురులో అడిగి చూడండి. ఉంటే మందుల షాపుకి పోకండి, చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఒళ్లంతా చూడమనండి. పాత ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి. ముక్క తీసి పరీక్ష చేయమని అడగండి. చెయ్యనంటే ఎందుకు చెయ్యరో కాగితం మీద రాసిమ్మనండి. తీసిన ముక్క తాలూకు మైనపు దిమ్మె, గాజు పలకలు అడిగి తెచ్చుకుని భద్రంగా దాచుకోండి. రేపు ఇంకో వైద్యుడు చూడాలంటే అవే ఆధారం. విసుక్కుంటారు, అరుస్తారు, తరవాతి నంబరు పిలుస్తారు. కుర్చీలోంచి లేవకండి.